విల్నా కాగితాలు



పండక్కి అటక దులిపినప్పుడు మనం ఏం చేస్తాం? పాత ఉత్తరాలు, శుభలేఖలు, చాకలిపద్దులు, పిల్లల నోటుపుస్తకాలు అన్నీ మూటకట్టి పాతకాగితాలవాడి తక్కెడలో వేస్తాం. సరిగ్గా అలాంటి కాగితాలకోసం ప్రాణాలకు తెగించిన వాళ్ళ సంగతి ఈవేళ చెప్పుకుందాం.

లిథువేనియా రాజధాని విల్నియస్. యూదులు దాన్ని విల్నా అనేవారు. అక్కడి విశ్వవిద్యాలయం 1579 నాటిది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఆ ఊళ్ళో సుమారు 60 వేలమంది యూదులుండేవారు. 1925లో, ఊరు పోలెండు ఏలుబడిలో ఉండగా, వారి పండితులు 'యీవో' అనే సంస్థ పెట్టారు. వీళ్ళు రాజుల శాసనాలకోసం వెతకలేదండీ! ఇళ్ళలో మాట్లాడుకునే యిడ్డిష్ భాషలోని సామెతలు, పాటలు, నాటకాల గోడపత్రికలు, సంఘాల పద్దుపుస్తకాలు పంపమని జనాన్నే అడిగారు. ఊరూరా మామూలు మనుషులు సేకరించి పంపారు. చదువుకునే కుర్రకారు తమ జీవితకథలు రాసి పంపేందుకు పోటీలు కూడా పెట్టారు.

1941 జూన్‌లో జర్మన్లు వచ్చిపడ్డారు. సెప్టెంబరుకల్లా యూదులను కొన్ని ఇరుకు వీధుల్లో కుక్కి, చుట్టూ కాపలా పెట్టారు. దాన్నే ఘెట్టో అంటారు. అంత నరకంలోనూ హెర్మన్ క్రుక్ అనే ఆయన అక్కడ గ్రంథాలయం నడిపాడు. 1942 డిసెంబరులో లక్షో పుస్తకం చదవడానికి ఇచ్చిన సందర్భంగా సభ కూడా చేశారు. అన్నం లేనిచోట పుస్తకాలేమిటి అని మనకు అనిపిస్తుంది. మరి చదివారు!

నాజీలు యీవో భవనంలోని సరుకును యూదు పండితులచేతనే వేరుచేయించారు. మూడోవంతుకు మించకుండా జర్మనీకి పంపాలి, తక్కినది కాగితం మిల్లుకు పోవాలి. ఆ పనికి పెట్టిన నలభైమందిదాకా సాయంత్రం ఘెట్టోకు తిరిగివస్తూ బట్టల మాటున కాగితాలు తెచ్చేవారు. గేటు దగ్గర పట్టుబడితే దెబ్బలు, ఒక్కోసారి చావే. రొట్టెముక్క తెచ్చుకోక కాగితాలేమిటని తోటివాళ్ళు ఎగతాళిగా 'కాగితాల దళం' అని పేరు పెట్టారు. కవులు సుట్స్‌కెవర్, కచెర్గిన్‌స్కీ ఆ దళంలో వారే.

ఇక మన ఆడవాళ్ళు ముఖ్యంగా తెలుసుకోవలసిన మనిషి ఓనా షిమైతే. యూదురాలు కాదు, విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉద్యోగి. "మా యూదు విద్యార్థులు తీసుకెళ్ళిన పుస్తకాలు తిరిగి రాలేదు, వసూలు చేసుకురావాలి" అని సాకు చెప్పి ఘెట్టోలోకి వెళ్ళేది. ఎంత గడుసు సాకో చూడండి! లోపలికి తిండి తీసుకుపోయేది, బయటికి రాతప్రతులు తెచ్చి దాచేది. 1944లో పట్టుబడి, చిత్రహింసలు పడి, నిర్బంధ శిబిరాలకు వెళ్ళింది. బతికి బయటపడి, 1970లో ఫ్రాన్స్‌లో కన్నుమూసింది.

1944 జూలైలో ఊరు విడుదలయ్యాక ఆ కవులిద్దరూ తిరిగివచ్చి, దాచిన వాటిని తవ్వితీసి యూదు మ్యూజియం పెట్టారు. 1949లో సోవియట్ ప్రభుత్వం దాన్ని మూసేసింది. అప్పుడు ఆంటానస్ ఉల్పిస్ అనే లిథువేనియా ఉద్యోగి ఆ రాశులను ఒక పాత చర్చిలో, తన సంస్థ సామాగ్రి మధ్య దాచి ఉంచాడు. నలభై ఏళ్ళపాటు లోకానికి తెలియనే లేదు! 1980ల చివరలో కొన్ని బయటపడ్డాయి. 2017లో మరో 1,70,000 పుటలు దొరికాయని ప్రకటించారు. వాటిలో ఐదో తరగతి పిల్ల రాసుకున్న స్వీయచరిత్ర కూడా ఉంది.

జర్మనీకి తరలించిన భాగం యుద్ధం తరువాత, 1947లో, న్యూయార్కులోని యీవోకు చేరింది. అందుచేత ఒకే పుస్తకంలోని సగం పుటలు ఇక్కడా, సగం అక్కడా ఉన్న సందర్భాలున్నాయి. అసలు ప్రతులు దేశం దాటించకుండానే వాటిని కలపడానికి 2015లో పని మొదలుపెట్టారు. ఒక్కొక్క కాగితం దుమ్ము దులిపి, చిరుగు సరిచేసి, ఫొటో తీసి, ఏ పెట్టెలో ఏముందో జాబితా రాశారు. ఈ జాబితా ఉంది చూడండి, అసలు శ్రమంతా అందులోనే. అది లేకపోతే ఎంత దాచినా అటకమీద మూటే. 2022లో పని ముగిసేసరికి 41 లక్షల పుటలయ్యాయి.

విల్నియస్ విశ్వవిద్యాలయం వారూ తమ పాత రికార్డులు తిరగేశారు. చదువు మధ్యలో గెంటివేయబడిన విద్యార్థుల పేర్లు వెతికి 'జ్ఞాపక పట్టాలు' ఇస్తూ వచ్చారు. చాలావాటిని అందుకున్నది వారి పిల్లలూ మనుమలూను.