ప్రయోగశాలలో నొలికిన విషము



ఇంట నూనె యొలికినచో వెంటనే గుడ్డ వేసి తుడుతుము. పాలు పొంగినచో నీళ్లు చల్లుదుము. చిన్ననాటినుండి చేతికి అలవడిన యీ తొందరయే ప్రయోగశాలలో ప్రాణమునకు ముప్పు తేగలదు. అచ్చట నొలికిన దేదియో తెలియక మునుపు చేయి చాపరాదు. ఈ యొక్క మాటను మీ మనస్సులకు పట్టించుటయే నేటి నా ప్రసంగమునకు ప్రయోజనము.

నేను తెలుగు పండితుడను. రసాయనశాస్త్రము నేను బోధించిన విషయము కాదు. అయినను నా తప్పిదమే నన్ను దీనిని తెలిసికొనునట్లు చేసినది. నేను పనిచేసిన యొక పాఠశాలలో సైన్సు ఉపాధ్యాయుడు సెలవు పెట్టినప్పుడు ఆ తరగతిని నాకు అప్పగించిరి. మొదటి దినమున నొక బాలుడు గాజుపాత్రను పగులగొట్టగా, “దీని వెల మీ తండ్రి యిచ్చునా?” అని గద్దించితిని. మరునాడు వేరొక బాలుని చేతినుండి ఉష్ణమాపకము జారిపడి పగిలెను. వాడు నాతో చెప్పలేదు. గాజుముక్కలను బల్ల క్రిందికి నెట్టి, మెరయుచున్న పాదరసపు బిందువులను కాగితమున చుట్టి, యింటికి కొనిపోయి దిండు క్రింద దాచెను. రెండు దినముల పిమ్మట సంగతి బయటపడెను. దైవకృపచే వానికి కీడు కలుగలేదు. ఆ దాపరికమునకు కారణము వాని దుర్బుద్ధి కాదు, నా గద్దింపు.

పాదరసము నీటికంటె 13.6 రెట్లు బరువైనది. అయినను మామూలు గాలి వేడిమికే అది కొద్దికొద్దిగా ఆవిరి యగుచుండును. ఆ యావిరికి రంగు లేదు, వాసన లేదు. చీపురుతో నూడ్చినచో నొక బిందువు పెక్కు బిందువులై ఆవిరి హెచ్చును. కావున పిల్లలను వెలుపలికి పంపి, కిటికీలు తెరచి, చేతులకు తొడుగులు ధరించి, దళసరి కాగితపు అంచుతో బిందువులను ఒకచోట చేర్చి, చుక్కల మందు గొట్టముతో పీల్చి, గట్టి మూతగల సీసాలో నుంచవలెను. ఆ సీసాను తూములోగాని చెత్తకుండిలోగాని పడవేయరాదు. నేల పగుళ్లలో మిగిలినదానిపై గంధకపు పొడి చల్లుదురు. మన వైద్యులు రసగంధకములను కలిపి నూరి కజ్జలి చేయుట యెరిగినదే కదా! ఆ రెంటికిని గల పొత్తే యిచ్చటను పనికివచ్చుచున్నది.

ఇక గంధకామ్లము. గాఢమైన యామ్లము నేలపై నొలికినప్పుడు దానిపై నీళ్లు కుమ్మరించినచో మిక్కిలి వేడి పుట్టి పైకి చిమ్మును. ఒలికినది కొద్దిపాటియైనచో, తెలిసినవారు అంచులనుండి లోపలికి వంటసోడా చల్లుదురు. పొంగు పూర్తిగా అణగిన పిమ్మటనే తుడుతురు. అదే యామ్లము ఒంటిపై బడినప్పుడు సోడాకై వెదకరాదు. తడిసిన బట్టలను తొలగించి, తక్షణమే ధారగా పారు నీటితో 15 నిమిషములకు తక్కువ గాకుండ కడుగవలెను. కంటిలో బడినచో రెప్పలు తెరచి పట్టి అట్లే కడిగి, వైద్యునికడకు పోవలెను. నేలకు ఒక విధి, దేహమునకు వేరొక విధి.

ఈథరు వంటి ద్రవము లొలికినచో మంటల నార్పవలెను. విద్యుత్తు మీటలను వేయరాదు, తీయరాదు. చిన్న నిప్పురవ్వ చాలును. ఈథరు ఆవిరి గాలికంటె బరువైనది గనుక నేలబారున ప్రాకి దూరమున నున్న మంటను సైతము అందుకొనగలదు.

ఇవి బాలురకు చెప్పదగిన మాటలే, పెద్దల కేల యందురేమో! అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో కేరెన్ వెటర్‌హాన్ అను రసాయనశాస్త్రాచార్యురాలు ఉండెను. 1996 ఆగస్టులో డైమిథైల్ మెర్క్యురీ అను పాదరస సమ్మేళనము ఒకటి రెండు చుక్కలు ఆమె చేతి తొడుగుపై బడెను. ఆమె అజాగ్రత్తురాలు కాదు; రబ్బరు తొడుగు ధరించియే యుండెను. కాని ఆ ద్రవము అట్టి తొడుగును కొన్ని క్షణములలోనే దాటిపోవునని తరువాతి పరీక్షలలో తేలినది. నెలలు గడచిన పిదప నడక తడబడెను, మాట తడబడెను. 1997 జూనులో, 48 యేండ్ల వయస్సున ఆమె మరణించెను. ఒక ద్రవ్యమునకు కవచమైనది వేరొక ద్రవ్యమునకు కవచము గాదు. ఒలికినది స్వల్పమని ఉపేక్షింపరాదు.

కావున క్రమమును జ్ఞప్తియందుంచుకొనుడు. మొదట ఆగుడు. పక్కవారికి తెలుపుడు. దూరముగా తొలగుడు. సీసాపై పేరు చూచి వస్తువేదో యెరుగుడు. తగిన సాధనమును, తెలిసిన మనిషియు నున్నప్పుడే శుభ్రపరచుడు. లేనిచో తలుపు మూసి వెలుపల నిలిచి సాయము కోరుడు.

తోడి ఉపాధ్యాయులకు నొక విన్నపము. పగిలినదాని వెల తరువాత అడుగవచ్చును. పరుగున వచ్చి “అయ్యా, ఒలికినది” అని చెప్పిన బాలుని ముందు మెచ్చుకొనుడు. ఆ మాట దాచని తరగతియే క్షేమమైన తరగతి.