నలుగురితో బయట భోజనం: షుగరు, బీపీ ఉన్నవారి ఇంటివారికి కొన్ని సూచనలు

మీ ఇంట్లో షుగరు గాని, బీపీ గాని ఉన్నవారు రోజూ పనికి విజయవాడ వెళ్తున్నారా? ఆఫీసులో తోటివారితో కలిసి అప్పుడప్పుడు హోటల్లో భోంచేస్తున్నారా? అయితే ఈ నాలుగు మాటలు మీ కోసమే.

మన కంకిపాడు నుంచి, పోరంకి, పెనమలూరు, ఉయ్యూరుల నుంచి ఎంతోమంది పొద్దున్నే బందరు రోడ్డు మీద బస్సెక్కి బెంజి సర్కిల్, ఆటోనగర్, గవర్నరుపేట వైపు పనులకు వెళ్తారు. చేతిలో క్యారియరు ఉంటుంది. అయినా వారానికో, పది రోజులకో ఒకరోజు "ఇవాళ క్యారియరు వద్దు, కొత్త హోటల్ పెట్టారట, చూసొద్దాం" అని ఎవరో ఒకరు అంటారు. అందరూ లేస్తారు. ఒకరోజు మీల్స్, ఇంకోరోజు ఉలవచారు బిర్యానీ. విజయవాడ వారికి తిండి మీద మక్కువ కొత్తదేమీ కాదు. గాంధీనగర్‌లోని బాబాయ్ హోటల్ ఇడ్లీ కోసం తరతరాలుగా జనం వెళ్తూనే ఉన్నారు. నలుగురూ కలిసి తింటే పనిలోని అలసట తీరుతుంది, స్నేహం పెరుగుతుంది. అది కూడా ఆరోగ్యానికి మంచిదే.

మరి జబ్బు ఉన్నవారి సంగతి ఏమిటి? "బయట తినొద్దు" అని ఒక్క మాటతో సరిపెట్టవచ్చు. కాని ఇన్నేళ్లుగా వార్డులో చూసినదాన్ని బట్టి చెబుతున్నాను, ఆ మాటతో ఎవరూ తినడం మానరు. ఇంట్లో చెప్పడం మాత్రం మానేస్తారు. అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది.

మాకు జరిగిన అనుభవం

కొన్నేళ్ల క్రితం ఒక శిక్షణ తరగతి కోసం మేము ఐదుగురం నర్సులం విజయవాడ వెళ్లాం. మధ్యాహ్నం అందరం కలిసి ఒక కొత్త హోటల్‌కు బయలుదేరాం. మాలో ఒక అక్కకు షుగరు ఉంది. ఒంటిగంటకు భోజనం కదా అని ఆమె పన్నెండున్నరకే మాత్ర వేసుకున్నారు. తీరా వెళ్తే హోటల్ నిండా జనం. టోకెను తీసుకుని బయట నిలబడ్డాం. ఒంటిగంటన్నర దాటినా టేబుల్ ఖాళీ కాలేదు.

అక్క మాట్లాడటం తగ్గించారు. ఎవరో ఏదో అడిగితే విసుక్కున్నారు. అలిగారేమో అనుకున్నాం. ముఖమంతా చెమటలు పట్టాయి. ఎండ కదా అనుకున్నాం. పక్కనే నిలబడి ఉన్న ఒక పెద్దాయన ఆమెను చూసి, "అమ్మా, ఆవిడకు షుగరుందా? ముందు పంచదార పెట్టండి" అన్నారు. అప్పుడు గాని మాకు తట్టలేదు. లోపలికి పరుగెత్తి పంచదార నీళ్లు తెచ్చి తాగించాం. పావుగంటలో తేరుకున్నారు.

రోజూ ఇతరులకు జాగ్రత్తలు చెప్పే నర్సులం ఐదుగురం ఉండి కూడా గుర్తించలేకపోయాం. ఆ పెద్దాయన ఎలా గుర్తించారు? వాళ్ల ఇంట్లో భార్యకు షుగరట. ఇంకో సంగతి. మాలో ఇద్దరికి ఆ అక్కకు షుగరు ఉందనే తెలియదు. ఇంట్లో కోప్పడతారని బయట భోంచేస్తున్నట్టు ఆమె ఇంటివారికి కూడా చెప్పలేదు.

మాత్రకు, భోజనానికి ఉన్న సంబంధం

షుగరు మాత్రలన్నీ ఒకే రకంగా పనిచేయవు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు శరీరంలో ఇన్సులిన్‌ను ఎక్కువగా విడుదల చేయిస్తాయి. మాత్ర పని మొదలుపెట్టినా కడుపులోకి అన్నం చేరకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది. భోజనానికి ముందు తీసుకునే ఇన్సులిన్ సూది కూడా అంతే. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారిలో ఈ ప్రమాదం చాలా తక్కువ.

అందుచేత బయట భోంచేసే రోజున గుర్తుంచుకోవలసిన మొదటి విషయం ఇది: గడియారం చూసి కాదు, విస్తరి చూసి మాత్ర వేసుకోవాలి. టేబుల్ దొరికి, భోజనం వస్తోందని రూఢి అయిన తరువాతే వేసుకోవాలి. సూది మందు ఎంత ముందు వేసుకోవాలన్నది ఆ మందును బట్టి మారుతుంది. కాబట్టి ఈసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు "హోటల్లో తినే రోజు మందు ఎలా వేసుకోవాలి?" అని డాక్టరుగారిని ప్రత్యేకంగా అడగండి. మందు మాత్రం మీ అంతట మీరు మానవద్దు, మార్చవద్దు.

చక్కెర పడిపోతే గుర్తులు ఏమిటి? ఏం చేయాలి?

చెమటలు, వణుకు, గుండె దడ, విపరీతమైన ఆకలి, చూపు మసకబారడం, కారణం లేని విసుగు, తికమక మాటలు ఇవి గుర్తులు. రక్తంలో చక్కెర 70 కన్నా తగ్గితే వెంటనే జాగ్రత్త పడాలి. పరీక్ష చేసే మిషను దగ్గర లేకపోతే దానికోసం ఆగవద్దు.

1. మూడు చెంచాల పంచదార గాని, గ్లూకోజు పొడి గాని నీళ్లలో కలిపి తాగించండి.
2. పావుగంట చూడండి. తేరుకోకపోతే మళ్లీ అంతే ఇవ్వండి.
3. తేరుకున్నాక వెంటనే భోజనం పెట్టండి.
4. లడ్డు, చాక్లెట్ వంటివి ఇవ్వవద్దు. వాటిలోని నెయ్యి, కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది.
5. వోగ్లిబోస్, అకార్బోస్ మాత్రలు కూడా వాడేవారికి పంచదార త్వరగా పనిచేయదు. గ్లూకోజు పొడే ఇవ్వాలి.
6. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయవద్దు. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

చిన్న గ్లూకోజు పొట్లం ఒకటి జేబులోనో, హ్యాండుబ్యాగులోనో ఎప్పుడూ ఉండేలా చూడటం ఇంటివారి బాధ్యత.

మీల్స్ తినేటప్పుడు

హోటల్ భోజనంలో చిక్కు అంతా వడ్డనలో ఉంది. పప్పులోకి ఒకసారి, సాంబారులోకి ఒకసారి, పెరుగులోకి ఒకసారి అన్నం పడుతూనే ఉంటుంది. సుమారు 150 గ్రాముల అన్నంలో, అంటే ఒక కప్పులో, 40 గ్రాములకు పైగా పిండిపదార్థం ఉంటుంది. అలాంటి కప్పులు మూడు నాలుగు తెలియకుండానే లోపలికి వెళ్తాయి. కాబట్టి మొదటిసారి వడ్డించినప్పుడే ఆ అన్నాన్ని మూడు భాగాలు చేసుకుని, "మళ్లీ అన్నం వద్దండి, కూర వేయండి" అని సర్వరుకు ముందే చెప్పాలి. ఇందులో మొహమాటం అక్కరలేదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే పద్ధతిలో కంచంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలి. హోటల్లో అంత కుదరకపోయినా ముందు కూర, పప్పు కొంత తిని తరువాత అన్నం మొదలుపెడితే చక్కెర ఒక్కసారిగా పెరగదు. బిర్యానీ అయితే ఒక ప్లేటు ఇద్దరు పంచుకోవడం మేలు. పక్కన కూల్‌డ్రింకు వద్దు.

బీపీ, గుండె, కిడ్నీ జబ్బులు ఉన్నవారికి అన్నం కన్నా ఉప్పు ముఖ్యం. పెద్దవారికి రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే, అంటే ఒక చిన్న చెంచా లోపే ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ, కారప్పొడి అన్నీ వేసుకుంటే ఆ కోటా ఒక్క పూటలోనే దాటిపోతుంది. వీటిలో ఏదో ఒకటి రుచికి కొంచెం వేసుకుని మిగతావి పక్కన పెట్టాలి. మజ్జిగలో విడిగా ఉప్పు వేసుకోవద్దు. కిడ్నీ జబ్బు ఉన్నవారు ఏవి తినవచ్చో, ఏవి తినకూడదో డాక్టరుగారిని విడిగా అడిగి తెలుసుకోవాలి.

శుభ్రత సంగతి

వేడి పదార్థం వేడిగా, చల్లని పదార్థం చల్లగా ఉండాలి. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో సూక్ష్మక్రిములు త్వరగా పెరుగుతాయి. కాబట్టి పొగలు వచ్చే అన్నం, సాంబారు, వేడి కూర ఫరవాలేదు. ఎప్పుడో చేసి ఉంచిన పచ్చడి, కోసి పెట్టిన ఉల్లిపాయ, ఐసు వేసిన రసాలు అనుమానించదగినవి. నీళ్లు మాత్రం ఇంటి నుంచే సీసాలో తీసుకెళ్లడం అన్నిటికన్నా మంచిది. హోటల్లో 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు నంబరు కనబడేలా పెట్టి ఉండాలి. కొత్త చోటికి వెళ్లినప్పుడు అది ఉందో లేదో చూడమనండి. అయితే లైసెన్సు ఉన్నా చేతులు కడుక్కునే చోటు, ప్లేట్లు కడిగే నీళ్లు మన కళ్లతో చూసుకోవలసిందే.

ఇంటి క్యారియరుకూ ఈ నియమం వర్తిస్తుంది. పొద్దున ఆరింటికి వండి, వేడి తగ్గకుండానే మూత బిగించిన అన్నం ఎండాకాలంలో మధ్యాహ్నం రెండింటికి తింటే అది కూడా వాంతులు, విరేచనాలు తెప్పించవచ్చు. అన్నంలో పెరిగే ఒక రకం క్రిమి విషం మళ్లీ వేడి చేసినా పోదు. ఇంటిదంతా మంచిది, బయటదంతా చెడ్డది అనుకోకండి.

పచ్చకామెర్లు వచ్చినప్పుడు చాలామంది "నిన్న హోటల్లో తిన్నాడు, అందుకే" అంటారు. కలుషితమైన నీటి వల్ల, తిండి వల్ల వచ్చే కామెర్లు బయటపడటానికి రెండు వారాల నుంచి రెండు నెలల వరకు పట్టవచ్చు. నిన్నటి భోజనాన్ని తిట్టుకుంటూ నాటు మందుకు పరుగెత్తవద్దు. రక్తపరీక్ష చేయించండి. గర్భవతులకు కామెర్లు వస్తే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయవద్దు.

ఇంటివారు చేయవలసినవి

- "ఎందుకు తిన్నావు?" అని కాకుండా "ఎక్కడ తిన్నావు, ఎన్నింటికి తిన్నావు, మాత్ర ఎప్పుడు వేసుకున్నావు?" అని అడగండి.
- ఆఫీసులో కనీసం ఇద్దరికి జబ్బు సంగతి చెప్పమనండి. చెప్పడం చిన్నతనం కాదు. మన దేశంలో షుగరు ఉన్నవారు 10 కోట్లకు పైగా ఉన్నారని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే అంచనా వేసింది.
- ఆ ఇద్దరిలో ఒకరి ఫోన్ నంబరు మీ దగ్గర, మీ నంబరు వారి దగ్గర ఉండాలి.
- వాడే మందుల పేర్లు ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టండి.
- మధ్యాహ్నం ఎక్కువ తిన్న రోజు రాత్రి పస్తు ఉంచవద్దు. మందు వేసుకుని పస్తు ఉంటే మళ్లీ చక్కెర పడిపోతుంది. తేలికగా, వేళకు పెట్టండి.

ఆ రోజు మా అక్క తేరుకున్నాక అందరం కలిసే భోంచేశాం. సాయంత్రం ఇంటికి వెళ్లి ఆమె జరిగినదంతా భర్తకు చెప్పారు. ఆయన కోప్పడలేదట. మర్నాడు ఆమె బ్యాగులో గ్లూకోజు పొట్లం పెట్టి పంపారు. ఇప్పటికీ మేము కలిసి బయటకు వెళ్తూనే ఉన్నాం. టేబుల్ దొరికి, అన్నం వచ్చాక మాలో ఎవరో ఒకరు "అక్కా, మాత్ర" అంటాం. మీ వారి పక్కన కూడా అలా అడిగే మనిషి ఒకరు ఉండేలా చూడండి.