ఆకాశం నుంచి ఊడిపడినది ఎవరిది?

అమెరికా రాక్ బృందాల్లో అగ్రశ్రేణికి చెందిన 'క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్' పేరు వినగానే 'ప్రౌడ్ మేరీ' వంటి పాటలు గుర్తుకువస్తాయి గానీ, 1969లో వెలువడిన 'విల్లీ అండ్ ద పూర్ బాయ్స్' ఆల్బమ్‌లోని రెండో పాట 'ఇట్ కేమ్ అవుటాఫ్ ద స్కై'ని తలచుకునేవారు తక్కువ. మూడు నిమిషాలైనా నిండని ఈ పాటను రాసి పాడినవాడు జాన్ ఫోగర్టీ. పాత సైనిక దుస్తులు వేసుకుని, కర్ర తుపాకీ పట్టుకుని, గుక్క తిప్పుకోకుండా కోతలు కోస్తూనే పెద్దలను ఎద్దేవా చేసే తెలంగాణ పిట్టలదొర వరసలోనే, 1950ల చక్ బెర్రీ రాక్ అండ్ రోల్‌ను తలపించే గిటారు జోరు మీద ఇందులోని కథ పరుగు తీస్తుంది.

ఇల్లినాయ్ రాష్ట్రంలోని మోలీన్ పట్టణానికి దక్షిణాన ఆకాశం నుంచి ఏదో వచ్చి పడగా, జోడీ అనే రైతు బెదిరి ట్రాక్టరు మీది నుంచి కిందపడి, లేచి, ఊళ్ళోకి పరుగెత్తి కేకలు పెడతాడు. మోలీన్ జాన్ డీర్ ట్రాక్టర్ల కంపెనీకి కేంద్రం కావడం కాకతాళీయం కాకపోవచ్చు. వచ్చిన శాస్త్రవేత్త అది చిత్తడి నేలల్లో పుట్టే వాయువని తేల్చేస్తాడు. 1966లో మిషిగన్‌లో జనం చూసిన వింత వెలుగులకు ఖగోళ శాస్త్రవేత్త జె. అలెన్ హైనెక్ ఇటువంటి వివరణే ఇచ్చి నవ్వులపాలైన సంగతి నాటి శ్రోతలకు తెలుసు. ఆపైన ఉపాధ్యక్షుడు స్పిరో ఆగ్న్యూ అంగారకుడి పేరిట పన్ను పెంచాలని ఉపన్యసిస్తాడు, వాటికన్ దేవుడే దిగివచ్చాడంటుంది, హాలీవుడ్ హడావుడిగా సినిమా తీసేస్తుంది, అప్పటి కాలిఫోర్నియా గవర్నరు రోనల్డ్ రీగన్‌ను పోలిన నాయకుడికి అందులో కమ్యూనిస్టుల కుట్ర కనిపిస్తుంది. చివరికి ఆ వస్తువును బ్లూ రూమ్‌లో పెడతామని శ్వేతసౌధం, రోముకే చెందాలని వాటికన్ పట్టుబడితే, అది తన సొత్తనీ కోటీ డెబ్బై లక్షలిస్తే ఇచ్చేస్తాననీ జోడీ బేరం పెడతాడు.

పడినది ఏమిటో పాట ఎక్కడా చెప్పదు, అడిగిన పాత్ర కూడా ఒక్కటీ లేదు. ఫోగర్టీ నేర్పంతా అక్కడే ఉంది. అదే ఆల్బమ్‌లోని 'ఫార్చునేట్ సన్' వియత్నాం యుద్ధానికి పేదల పిల్లలను పంపే తీరు మీద బాహాటంగా మండిపడితే, ఈ పాట హుషారుగా చిందేయిస్తూనే అధికారం, మతం, ప్రచార సాధనాలు మూడింటినీ ఒకే గాటన కడుతుంది.

పదేళ్ల తరవాత ఇటువంటి కథ తెలుగు పల్లెలకూ నిజంగానే అనుభవమైంది. సుమారు 77 టన్నుల అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ కూలిపోబోతున్నదన్న వార్తతో, ఇక బతుకు లేదనుకున్న జనం కోళ్లనూ మేకలనూ కోసుకుతిన్న ముచ్చట ఇప్పటికీ చెప్పుకుంటారు. పాత కరీంనగర్ జిల్లాలోని బండలింగంపల్లి నేపథ్యంగా 2021లో 'స్కైలాబ్' సినిమా కూడా వచ్చింది. 1979 జులై 11న ఆ అంతరిక్ష కేంద్రం శకలాలు హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడ్డాయి. అక్కడి ఎస్పరెన్స్ స్థానిక పాలక మండలి, చెత్త పారవేసినందుకు నాసాకు 400 డాలర్ల జరిమానా విధించింది. ఆ ఊరి పదిహేడేళ్ల కుర్రాడొకడు మాత్రం తన ఇంటి దగ్గర దొరికిన ముక్కలను పట్టుకుని విమానమెక్కి, ఫోగర్టీ బృందం పుట్టిన ఎల్ సెరిటోకు అఖాతం అవతలి ఒడ్డున ఉన్న శాన్ ఫ్రాన్సిస్కోకు వెళ్లి, 'ఎగ్జామినర్' పత్రిక ప్రకటించిన 10,000 డాలర్ల బహుమతి అందుకున్నాడు.