ఆదివారం షామీర్‌పేట షికారు: ఏం చూడాలి? ఎక్కడ తినాలి?

వారం పొడవునా ఇల్లు, ఆఫీసు, బస్సు తప్ప మరొకటి ఎరుగని మనిషికి నెలకొక్క రోజయినా గాలి మార్పు అవసరం. నాలుగడుగులు నడవడం, పచ్చని చెట్టు చూడడం, పిల్లలతో తీరికగా గడపడం రక్తపోటుకూ, నిద్రకూ కూడా మంచివే. ఇందుకు ఊటీకో, కొడైకెనాల్‌కో పోనక్కరలేదు. జంట నగరాలవారికి ఉత్తరాన మేడ్చల్, షామీర్‌పేట వున్నాయి. పొద్దున బయలుదేరితే చీకటి పడేలోగా ఇల్లు చేరవచ్చు.

కాని ఆదివారం షికారు వెళ్ళినవారిలో కొందరు సోమవారం వాంతులు, విరేచనాలతో ఆస్పత్రికి వస్తారు. తప్పు షికారుది కాదు, తిండిది. చూడవలసినవి ముందు నిర్ణయించుకుని, తిండి సంగతి ఆకలి వేసినప్పుడు చూసుకుందాం అనుకుంటారు. ఇది తిరగేయాలి. ముందు భోజనవేళ నిర్ణయించుకోండి. చూసేవి దానికి అటూ ఇటూ సర్దుకోండి.

ఎటు వెళ్ళాలి?

కరీంనగర్ రోడ్డు మీద, అంటే రాజీవ్ రహదారి మీద వెళితే షామీర్‌పేట చెరువు, జవహర్ జింకల పార్కు, వెంకటేశ్వరస్వామి కొలువున్న రత్నాలయం వస్తాయి. అక్కడినుండి కీసరగుట్టకు పోవచ్చు. రామలింగేశ్వరుని దర్శనంతోపాటు విష్ణుకుండినుల కాలంనాటి అవశేషాలను పిల్లలకు చూపించవచ్చు. నాగపూర్ రోడ్డున వెళితే కండ్లకోయ దగ్గర ఆక్సిజన్ పార్కు, ఆపైన మేడ్చల్. సికింద్రాబాద్ నుండి మేడ్చల్‌కు లోకల్ రైలు కూడా వుంది.

ఒక్క రోజులో అన్నీ చూడాలని పరుగులు పెట్టకండి. ఒక రోజుకు ఒక దారి చాలు. నడక, గుడిమెట్లు ఎండ ముదరకముందే పూర్తి చేయండి. గుండెజబ్బు, మోకాళ్ళ నొప్పులు వున్న పెద్దవారిని గుట్ట మీదకు వాహనంలోనే తీసుకువెళ్ళండి.

ఎక్కడ తినాలి?

ఈ రెండు రోడ్లమీదా దాబాలకు, హోటళ్ళకు కొదవ లేదు. బోర్డు ఎంత పెద్దదో చూడకండి. చూడవలసినవి మూడు. ఒకటి, జనం వచ్చిపోతూ వుండాలి. అక్కడ వంట నిలవ వుండదు. రెండు, వడ్డించేవాడి చేతులు, పళ్ళేలు కడిగే నీళ్ళు శుభ్రంగా వుండాలి. మూడు, ఆహార శాఖవారిచ్చిన 14 అంకెల లైసెన్సు నంబరు గోడమీద కనిపించాలి.

బిర్యానీ తినాలనుకుంటే హండీ మూత తీసిన వేళకు, అంటే పన్నెండున్నర, ఒంటిగంట మధ్య తినండి. పొగలు కక్కే బిర్యానీకి భయపడనక్కరలేదు. నాలుగింటికి మిగిలిన అడుగు బిర్యానీతోనే చిక్కు. బియ్యంలో వుండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి వుంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. తిన్న ఒకటి నుండి ఆరు గంటలలో వాంతులు పట్టుకుంటాయి. ఆ అన్నాన్ని మళ్ళీ వేడి చేసినా ఆ విషం పోదు. "వేడి చేసి ఇస్తాం సార్" అంటే మోసపోకండి.

పక్కన పెట్టే కోసిన ఉల్లిపాయలు, పచ్చి చట్నీలు ఏ నీళ్ళతో కడిగారో తెలియదు. వదిలేయండి. తందూరీతో ఇచ్చే మయోనైజ్ కూడా వద్దు. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజును తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుండి ఏడాదిపాటు నిషేధించిందంటే, అందులోని ప్రమాదం గ్రహించవచ్చు.

చక్కెర వ్యాధికి ఇన్సులిన్, మాత్రలు వాడేవారు "అందరితోపాటే తిందాం" అని ఆగకూడదు. మందు పడి భోజనం ఆలస్యమైతే చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం వస్తాయి. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి. జేబులో బిస్కెట్లు, మందుల చీటీ వుండాలి.

ఇంటినుండి తీసుకువెళితే?

మన అమ్మమ్మలు ప్రయాణానికి పులిహోర కట్టేవారు. అందులో శాస్త్రముంది. చింతపండు పులుపులో సూక్ష్మజీవులు అంత త్వరగా పెరగవు. జొన్నరొట్టె, చపాతీ, ఊరగాయ, వేయించిన పల్లీలు కూడా మంచివే. పాలు, గుడ్లు, మాంసం, కొబ్బరిచట్నీ మాత్రం రెండు గంటలు దాటితే తినకండి. మండువేసవిలో ఒక్క గంటే గడువు. కారు డిక్కీలో పెట్టిన డబ్బాకు ఆ గడువు కూడా వుండదు.

నీళ్ళు ఇంటినుండే తెచ్చుకోండి. రోడ్డు పక్క చెరకురసంలో వేసే ఐసు ఎక్కడిదో ఎవరికీ తెలియదు. కొబ్బరిబోండాం మేలు. ఒకప్పుడు ఈ ప్రాంతం అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోటలకు ప్రసిద్ధి. ఇప్పుడు తోటల స్థానంలో ఇళ్ళు వచ్చాయి. బండిమీద ద్రాక్ష కొన్నా ధారగా పడే నీటిలో బాగా కడిగిగాని పిల్లలకు ఇవ్వకండి. సీతాఫలం కాలంలో చక్కెర వ్యాధివారు సగం పండుతో తృప్తిపడాలి.

కల్లు సరదా కూడా వద్దు. కల్లు పేర అమ్మే దానిలో మత్తుమందులు కలపడం ఈ ప్రాంతాలలో పాత రోగమే. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు పలువురి ప్రాణాలు తీసింది.

చెరువు చూడడానికే

షామీర్‌పేట చెరువు కట్టమీద నిలబడి చూస్తే కనులపండువే. కాళ్ళు కడుక్కోవడానికని కూడా దిగకండి. చెరువులలో అడుగున బురద, మట్టి తవ్విన గుంటలు వుంటాయి. మోకాలి లోతనుకున్నచోట పక్క అడుగే నిలువు లోతు కావచ్చు. ఈత వచ్చినవారు సైతం బురదలో కూరుకుపోతారు.

ఎవరయినా పడితే వెంట దూకకండి. చీరో, తాడో, పొడుగాటి కర్రో అందించండి. బయటకు తీసినవారిని తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కడం తప్పు. ఊపిరి ఆడకపోతే ముందు ఐదుసార్లు నోటిలోకి ఊపిరి ఊదండి. తరువాత ఎదురొమ్ము మధ్య నిమిషానికి 100 నుండి 120 సార్ల వేగంతో 30 నొక్కులు, రెండు ఊపిర్లు చొప్పున ఆపకుండా చేయాలి. ఒకరు ఈ పని చేస్తుండగా మరొకరు 108కి ఫోను చేయాలి.

గుళ్ళ దగ్గర కోతులకు అరటిపళ్ళు అందించకండి. కరిచినా, రక్కినా సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, ఆరోజే ఆస్పత్రికి వెళ్ళండి. పసుపు, సున్నం పూయకండి. రేబిస్ టీకా ప్రభుత్వాస్పత్రులలో ఉచితం.

ఇంటికి వచ్చాక

అంత జాగ్రత్తపడినా కడుపు చెడితే కంగారు వద్దు. ఒక ఓఆర్‌ఎస్ పొట్లం లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. పొట్లం లేకపోతే లీటరు నీటికి ఆరు చదును చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు. పసిపిల్లలకు తల్లిపాలు ఆపకూడదు. విరేచనాలు కట్టేసే మాత్రలు పిల్లలకు వేయకూడదు. విరేచనంలో రక్తం పడినా, ఆరు గంటలపాటు మూత్రం రాకపోయినా, బిడ్డ మగతగా వున్నా, తాగినది తాగినట్టే కక్కేస్తున్నా తెల్లవారేదాకా ఆగకండి.

షికారుకు వెళ్ళండి. వేడివేడిగా, వేళకు తినండి. చెరువును కట్టమీదనుండే చూడండి. అప్పుడు సోమవారం పొద్దున మీరు వెళ్ళేది ఆఫీసుకే, ఆస్పత్రికి కాదు.