భాష వస్తేనే సేవ!

విదేశాల్లో పనిచేయాలని, అక్కడి మనుషులకు సేవ చేయాలని మన యువత చాలామందికి ఉంటుంది. ఇవాళ నల్గొండ, పాలమూరు నుంచి నర్సింగ్ పూర్తిచేసిన పిల్లలు జర్మనీ వెళ్లేందుకు జర్మన్ నేర్చుకుంటున్నారు. 130 ఏళ్ల కిందట కథ రివర్స్! ఇంట్లో జర్మన్ మాట్లాడే యువకులు నల్గొండకు వచ్చి తెలుగు అక్షరాలు దిద్దారు. వాళ్ల వారం ఎలా గడిచిందో తెలుసుకుంటే, ఫ్లైట్ ఎక్కబోయే మనకూ పనికొస్తుంది.

ఎవరు వీళ్లు?

అబ్రహాం ఫ్రీసెన్, మరియా దంపతులు అప్పటి రష్యా సామ్రాజ్యంలోని (నేటి ఉక్రెయిన్) మెన్నొనైట్ క్రైస్తవ కుటుంబాల వారు. 1889లో మన దేశానికి వచ్చి నల్గొండలో మిషన్ పని మొదలుపెట్టారు. అదే బాటలో 1899లో అమెరికా నుంచి నికొలై హీబర్ట్ దంపతులు, ఎలిజబెత్ న్యూఫెల్డ్ వచ్చారు. వచ్చింది మతప్రచారానికే. కానీ మాట రానిదే ప్రచారమూ లేదు, బడీ లేదు, వైద్యమూ లేదు.

వారమంతా పాఠమే

కొత్తగా వచ్చిన మిషనరీకి మొదటి ఏడాది, రెండేళ్లు అసలు డ్యూటీ భాషే. పొద్దున మున్షీ దగ్గర కూర్చుని అక్షరాలు, వాక్యాలు వల్లె వేయాలి. చేతిలో సి.పి.బ్రౌన్ నిఘంటువు, 1873లో వచ్చిన ఆర్డెన్ వ్యాకరణం. రెండూ ఇంగ్లిష్‌లో ఉన్నవే. అంటే జర్మన్ ఇంటి పిల్లలు ఇంగ్లిష్ మీదుగా తెలుగులోకి రావాలి! పైగా నిజాం రాజ్యంలో ఆఫీసు వ్యవహారమంతా ఉర్దూలోనే.

ఇక్కడే ఇంకో చిక్కు. ఆర్డెన్ మచిలీపట్నం వైపు పనిచేసిన మిషనరీ. పుస్తకంలో నేర్చుకున్న తెలుగుతో నల్గొండ వాడలోకి వెళ్తే సగం అర్థం కాదు. ‘ఆరోగ్యం బాగోలేదు’ అని పుస్తకం నేర్పితే, ఎదుటి మనిషి ‘పానం మంచిగ లేదు’ అంటాడు. అందుకే పాఠం మున్షీతో ముగియదు. సాయంత్రాలు వాడల్లో, అంగడి రోజు జనం మధ్యలో చెవులు రిక్కించి వినాలి. చలికాలం వస్తే ఎడ్లబండి, గుడారంతో ఊరూరా తిరగాలి. అప్పటికి నల్గొండకు రైలు కూడా లేదు. ఆదివారం ప్రార్థనలో నాలుగు ముక్కలు తప్పుల్లేకుండా చెప్పగలిగితే ఆ వారం గెలిచినట్టే.

అందరూ నిలబడలేదు. ఆరోగ్యం దెబ్బతిని హీబర్ట్ దంపతులు 1901లోనే వెనక్కి వెళ్లాల్సి వచ్చింది. ఉత్సాహం ఒక్కటే సరిపోదని అప్పుడే తేలింది.

నిలబడ్డ డాక్టరమ్మ

1907లో వచ్చిన డాక్టర్ కాథరినా షెల్లెన్‌బర్గ్ కథ వేరు. ముందు నర్సింగ్, తర్వాత వైద్యం చదివి వచ్చారు. నాగర్‌కర్నూల్‌లో, తర్వాత శంషాబాద్‌లో రోగులను చూశారు. మగ డాక్టరుకు చూపించుకోని ఆడవాళ్లు ఎందరో ఉన్న కాలమది. ఆమెతో తమ బాధ తమ మాటల్లో చెప్పుకోగలగడమే వారికి సగం ధైర్యం. 1945 జనవరి 1న చనిపోయేదాకా ఆమె ఇక్కడే సేవలో ఉన్నారు.

ఇప్పుడు మన వంతు

జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బీ2 స్థాయి జర్మన్ కావాలి. గుర్తింపు వచ్చేదాకా సహాయకులుగానే పనిచేయాల్సి ఉంటుంది. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు భాషా శిక్షణతో పాటు విదేశీ ఉద్యోగాలు చూపిస్తోంది. వెళ్లాలనుకునేవారు ఇవి గుర్తుంచుకోండి:

* సర్టిఫికెట్ కోసమే చదవొద్దు. పరీక్ష జర్మన్ వేరు, బవేరియా ముసలమ్మ మాట్లాడే జర్మన్ వేరు. రోజూ అరగంటైనా అక్కడి వాళ్ల మాటలు వినండి.

* నొప్పి, మంట, తిమ్మిరి, కళ్లు తిరగడం.. రోగి నోట వచ్చే మాటలు ముందు నేర్చుకోండి.

* వారానికో రోజు పుస్తకం మూసేసి, తోటివారితో జర్మన్‌లోనే మాట్లాడండి. తప్పులు వస్తే రానివ్వండి.

* చలి, తిండి, ఒంటరితనం.. వీటికీ ముందే సిద్ధపడండి. హెల్త్ చెకప్ చేయించుకునే బయలుదేరండి.

* ఏజెంటు డబ్బులడిగితే, కేంద్రం ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అతని రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూశాకే మాట్లాడండి.

పరాయి దేశంలో మంచం మీదున్న మనిషికి మీ డిగ్రీ కనిపించదు. ‘ఎక్కడ నొస్తుంది?’ అని తన భాషలో మీరు అడిగిన మాటే వినిపిస్తుంది. ఆ మాట ఇక్కడే, ఇవాళే నేర్చుకోవడం మొదలుపెట్టండి.