చేనిపై ఎగురు పిచికారి

బెజవాడ బెంజి సర్కిలు వద్ద రెండు జాతీయ రహదారులు కలిసికొనుచున్నవి. చెన్నై, కోల్‌కతాలను కలుపు 16వ నంబరు రహదారి ఒకటి. హైదరాబాదునుండి వచ్చి మచిలీపట్నము చేరు 65వ నంబరు రహదారి రెండవది. కృష్ణా డెల్టా వ్యవసాయములో ప్రవేశించిన యంత్రములు అనేకము ఈ కూడలి గుండానే బందరు రోడ్డు పట్టి పోయినవి. ట్రాక్టరు పోయినది, డీజిలు ఇంజను పోయినది, రైతులు ‘తైవాను పంపు’ అని పిలుచుకొను పిచికారి యంత్రము పోయినది. ఇప్పుడు అదే దారిని ఆరు చేతులు మడిచిపెట్టుకొనిన యంత్ర మొకటి ఆటోలలోను, వ్యానులలోను పోవుచున్నది. దాని పేరు డ్రోను. శ్రోతలలో పలువురు దీనిని పెండ్లి పందిళ్లపై ఫొటోలు తీయు వస్తువుగా ఎరిగియుందురు. అది పొలములో ఏమి చేయగలదు, ఏమి చేయలేదు, దాని వలన ఎవరికి లాభము, ఎవరికి చిక్కు అను విషయములను ఇచట ముచ్చటింపదలచితిమి.

నగరవాసులకు దీని ఉపయోగము మొదట తెలిసినది కష్టకాలములోనే. 2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు గట్లు తెగి అజిత్‌సింగ్ నగరు, పాయకాపురము, రాజరాజేశ్వరిపేట మొదలగు పేటలు నీట మునిగినవి. అదే సమయమున కృష్ణలో వచ్చిన వరద ప్రకాశము బారేజీ చరిత్రలోనే పెద్దది. 11 లక్షల 40 వేల క్యూసెక్కులకు పైగా నీరు బారేజీ దాటిపోయినది. పడవ పోలేని సందులలో, మేడలపై చిక్కుకొనిన వారికి డ్రోనుల ద్వారా అన్నపు పొట్లములు, మంచినీరు, మందులు అందించినారు. ఒక్కొక్క డ్రోను మోసినది ఎనిమిది, పది కిలోలే. లక్షలమంది ఆకలి దీర్చుట వాటి వలన అయ్యెడి పని కాదు. ఆ భారము పడవలు, హెలికాప్టర్లు, నడుము లోతు నీటిలో నడిచిన మనుష్యులు మోసినారు. అయినను, మరి ఏ దారియు లేని మేడమీదికి ఒక పొట్లము చేరుట ఆ యింటివారికి చిన్న సంగతి కాదు. అటుపిమ్మట అక్టోబరు 22వ తేదీన పున్నమి ఘాట్ వద్ద 5,500 డ్రోనులు రాత్రివేళ ఆకసమున బొమ్మలు కట్టినవి. గిన్నిస్ పుస్తకమునకు ఎక్కినవి. చూడముచ్చటయే. మా మట్టుకు మాకు సెప్టెంబరులో ఎగిరిన ఆ కొద్దిపాటి యంత్రములే ఎక్కువ విలువైనవిగా తోచుచున్నవి.

ఇక పొలము సంగతి. వరిచేనికి మందు కొట్టు మనిషిని చూడని డెల్టావాసి ఉండడు. వీపున పదునారు లీటర్ల డబ్బా. కాళ్ల క్రింద బురద. ఒక చేతిలో గొట్టము. రెండు మీటర్ల వెడల్పున కొట్టుకొనుచు పోయిన యెడల ఎకరము ముగియుసరికి రెండు కిలోమీటర్ల నడక అగును. ఎకరమునకు ఇన్నూరు లీటర్ల నీరు కావలెనన్న పన్నెండు పదమూడు డబ్బాలు. అన్నిటికంటె ముఖ్యమైనది, అతడు తాను కొట్టిన మందులోనే తాను నడువవలెను. ముఖమునకు గుడ్డ కట్టుకొనువారు కొందరు. ఉక్కకు తాళలేక అదియు తీసివేయువారు కొందరు. సాయంకాలము తలనొప్పి, వాంతులు, కన్నులమంట. ఇవి ఆ వృత్తిలో మామూలే యని సరిపెట్టుకొనుట మన గ్రామములలో పాతుకొనిపోయినది. ఈ కొత్త యంత్రమును గూర్చి ఆలోచింపవలసినది ముందుగా ఈ మనిషి వైపునుండి యని మా అభిప్రాయము. శ్రమ తగ్గుట, సమయము మిగులుట తరువాతి మాటలు.

పిచికారి డ్రోనుకు సాధారణముగా ఆరు చేతులు, ఒక్కొక్క చేతి చివర విద్యుత్తుతో తిరుగు ఒక్కొక్క రెక్క. నడుమ పది లీటర్ల తొట్టి, దానికి పైగా లిథియము బ్యాటరీలు. క్రిందివైపు సన్నని తుంపర వెదజల్లు నాజిళ్లు. ఉపగ్రహముల సంకేతముల వలన తానెక్కడ నున్నదియు దానికి తెలియును. చేను నాలుగు మూలలు ఒకసారి గుర్తించి యిచ్చినచో, దుక్కిటెద్దు సాలు వెంబడి సాలు పోయినట్లు వరుసగా పోయి వచ్చును. మందు ముగిసినను, బ్యాటరీ తగ్గినను వెనుకకు వచ్చి, విడిచిన చోటునుండి మరల మొదలిడును. నాలుగు మీటర్ల వెడల్పున పిచికారి చేయును గనుక ఎకరమునకు ఒక కిలోమీటరు ఎగిరిన చాలును. సెకనుకు నాలుగు మీటర్ల వేగమున పోయినను మలుపులతో కలిపి ఏడెనిమిది నిమిషములలో పని ముగియును. రెక్కలనుండి క్రిందికి కొట్టు గాలి తుంపరను చేనిలోనికి నెట్టును. ఆకులు అల్లల్లాడి వాటి అడుగు భాగమునకు గూడ కొంత మందు తగులును.

ఇచ్చట ఒక లెక్కను పాఠకులు శ్రద్ధగా గమనింపవలెను. ఎకరమునకు ఇన్నూరు లీటర్ల నీటిలో కలుపవలసిన మందు మోతాదును డ్రోను పది లీటర్ల నీటిలో కలుపుకొని పోవుచున్నది. నీరు ఆదా అయినది, నిజమే. కాని తుంపర యిరువది రెట్లు చిక్కనైనది. సరియైన చోట పడినంతవరకు బాధ లేదు. గాలికి ప్రక్కకు పోయిన యెడల? కైకలూరు, ముదినేపల్లి ప్రాంతములలో వరిచేని గట్టు దాటిన వెంటనే చేపల చెరువు, రొయ్యల చెరువు. రొయ్య పురుగుమందులకు మిక్కిలి సుకుమారమైన ప్రాణి. ఒకని చేనికి మేలు చేసిన మందు ప్రక్కవాని చెరువును ఖాళీ చేయవచ్చును. అందుచేతనే తెల్లవారుజామున గాని, సాయంకాలమున గాని, గాలి నెమ్మదిగా నున్న వేళనే ఈ పని చేయవలెను. తేనెటీగల పెట్టెలున్న చోట మరింత జాగ్రత్త అవసరము.

ఈ యంత్రమును కనుగొనినవారెవరు? వరిపై మానవరహిత విమానములతో మందు చల్లుట జపానులో ఆరంభమైనది. యమహా కంపెనీ 1987లో ఆర్-50 అను చిన్న హెలికాప్టరును, 1997లో ఆర్‌మ్యాక్సును తయారుచేసినది. అచట పల్లెలలో వృద్ధులు మిగిలినారు. పొలములో దిగువారు కరవైనారు. మన డెల్టాలో నేడు వినవచ్చు మాటయు ఇదియే గదా! మందు కొట్టుటకు మనిషి దొరకుట లేదని రైతు అనుచున్నాడు.

తెలుగువారి ప్రయత్నము చెప్పుకొనదగినది. గువాహటి ఐ.ఐ.టి.లో చదువుకొనిన ప్రేమ్ కుమార్ విస్లావత్, సూరజ్ పెద్ది, సాయికుమార్ చింతల అను యువకులు 2019లో హైదరాబాదున మారుత్ డ్రోన్స్ అను సంస్థను నెలకొల్పినారు. వారు మొదట పట్టుకొనినది వరిచేను కాదు, నగరములోని దోమ! గుర్రపుడెక్క పెరిగి మనిషి అడుగు పెట్టలేని చెరువులపై ఎగిరి దోమల మందు చల్లుటతో వారి పని మొదలైనది. అటుతరువాత వ్యవసాయమునకు వచ్చినారు. ఏజీ-365 అను పిచికారి యంత్రమును చేసి పౌర విమానయాన శాఖ వారి ధ్రువీకరణము పొందినారు. విదేశములలో తయారైన డ్రోనుల దిగుమతిని కేంద్ర ప్రభుత్వము 2022 ఫిబ్రవరిలో నిషేధించుట ఇట్టి స్వదేశ సంస్థలకు కలిసివచ్చినది.

ఈ సందర్భమున ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశము గారు మాకు జ్ఞప్తికి వచ్చుచున్నారు. పోచంపల్లి చీరకు ఆసు పోయునపుడు తల్లి చేయి వేలకొలది సార్లు ముందువెనుకలకు ఆడవలసివచ్చుట, ఆమె భుజము నొప్పితో బాధపడుట చూచి, 1999లో ఆయన ఆసు యంత్రమును పూర్తిచేసినారు. తల్లి పేరనే దానికి లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టినారు. 2017లో పద్మశ్రీ వచ్చినది. ఆ యంత్రము ఒక భుజము నొప్పినుండి పుట్టినది. డ్రోను అట్లు పుట్టలేదు. ఎక్కడెక్కడి శాస్త్రములో కలిసి తయారైన యంత్రము మన చేనికి పనికివచ్చునా యని వెదకికొనుచు వచ్చినది. కావున దానిని మన అవసరమునకు సరిచేసికొనవలసిన బాధ్యత మనదే.

ఆ సరిచేసికొనుటలో చిక్కులు లేకపోలేదు. ఒకటి దోమపోటు. దోమ వరి దుబ్బు మొదట, నీటికి కొంచెము పైగా చేరి రసము పీల్చును. అందుకే రెండు మీటర్లకొక కాలిబాట తీసి మొదళ్లకు మందు తగులునట్లు కొట్టవలెనని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. పైనుండి పడు పలుచని తుంపర ఒత్తుగా పెరిగిన చేనిలో అంతవరకు దిగునా? ఆకుముడతకు, అగ్గితెగులుకు పనిచేసినంత సులభముగా దోమపోటుకు పనిచేయునని అనుకొనరాదు. కాలిబాటలు తీయని చేను డ్రోనుకు గూడ కష్టమే. మరొకటి, గట్ల మీది కొబ్బరి చెట్లు, పొలమునకు అడ్డముగా పోవు కరెంటు తీగలు. అర ఎకరము, ముప్పాతిక ఎకరము ముక్కలలో యంత్రమునకు ఎగురుటకంటె దిగుటకే ఎక్కువ సమయము పట్టును. ప్రక్క ప్రక్క రైతులు ఒకనాడే కొట్టించుకొనిన గాని గిట్టుబాటు కాదు.

కొనుట అందరి వలన అగునది కాదు. బ్యాటరీలు, చార్జరు మొదలగు సామగ్రితో కలిపి రమారమి పది లక్షల రూపాయలు. మన డెల్టాలో దున్నువారిలో పెక్కురు కౌలుదార్లు. వారికి అప్పు పుట్టుటయే కష్టము. కనుక అద్దె పద్ధతియే శరణ్యము. ప్రాంతమును బట్టి ఎకరమునకు మూడు వందలనుండి ఐదు వందల వరకు తీసికొనుచున్నారు. 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వము ఆమోదించిన ‘నమో డ్రోన్ దీదీ’ పథకము ఈ అద్దె వ్యాపారమును స్త్రీల పొదుపు సంఘములకు అప్పగింపదలచినది. దేశమంతట 15,000 సంఘములకు డ్రోనులు, వెలలో నూటికి ఎనుబది వంతులు, గరిష్ఠముగా 8 లక్షల వరకు సహాయము. సంఘములో ఒకరికి పదునైదు దినముల శిక్షణము. ఊడ్పులు, కలుపు తీతలలో జీవితము గడపిన స్త్రీ చేని గట్టున నిలిచి యంత్రమును నడుపుట మంచి మార్పే. కాని వీపున డబ్బా మోసి దినకూలి తెచ్చుకొనుచుండిన మనిషి మాట ఏమి? అతని ఆరోగ్యము మిగిలినది, కూలి పోయినది. ఇరువది యకరములకు ఇద్దరు చాలుదురన్న లెక్కలో అతడు కానరాడు. డ్రోను వెంట నీరు మోయువాడు, మందు కలుపువాడు, బ్యాటరీ మార్చువాడు కావలెను. ఆ పనులకు తగిన శిక్షణము ఇచ్చి అతనినే తీసికొనవచ్చును గదా యని మేమనుకొందుము. పథకములలో ఈ మాట ఇంకను గట్టిగా వినవచ్చుట లేదు.

మరమ్మతు సంగతి యంత్రము అమ్మువారు తక్కువగా చెప్పుదురు. ఒక రెక్క చెట్టుకొమ్మకు తగిలినచో పని నిలిచిపోవును. తెగులు మాత్రము నిలువదు. బెంజి సర్కిలుకు కూతవేటు దూరమున, 1966లో ఏర్పడిన జవహర్ ఆటోనగరులో లారీకి కావలసిన ఏ పనియైనను జరుగును. లారీలు డెల్టాలో బ్రతికి బట్టకట్టినది ఫ్యాక్టరీల చలువ చేతనే కాదు, ఇట్టి పనివాండ్ర చేతి చలువ చేతను. డ్రోనుకు గూడ రెక్క మార్చువాడు, మోటారు సరిచేయువాడు, పాడైన బ్యాటరీని అపాయము లేకుండ తీసివేయువాడు తాలూకా కేంద్రములలో దొరకు దినము వచ్చిన గాని అది రైతు వస్తువు కాదు. గుంటూరు సమీపమున లాములోనున్న ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయము డ్రోను నడుపుటలో శిక్షణ ఇచ్చుచున్నది. మరమ్మతు విద్యకు గూడ అట్టి ఏర్పాటు జరుగుట అవసరము.

అద్దెకు పిలుచుకొను రైతులకు నాలుగు మాటలు. 2021 ఆగస్టునాటి నిబంధనల ప్రకారము ఇట్టి డ్రోను నడుపువానికి ధ్రువపత్రము ఉండవలెను. పదునెనిమిదేండ్లు నిండి, పదవ తరగతి ఉత్తీర్ణుడై, అంగీకృత కేంద్రమున శిక్షణ పొందినవానికే అది లభించును. పత్రమును చూపుమని అడుగుటకు మొగమాటపడవలదు. గన్నవరము చుట్టుపట్లవారు విమానాశ్రయపు ప్రాకారమునుండి 12 కిలోమీటర్ల వరకు పరిమితులున్నవని గుర్తుంచుకొనవలెను. మందులన్నియు డ్రోనుకు తగినవి కావు; వ్యవసాయాధికారిని విచారించి, అనుమతి గలవానినే కలుపవలెను. ఇష్టము వచ్చినట్లు రెండు మూడు మందులు కలుపుట బొత్తిగా కూడదు. చుట్టుప్రక్కల చేపల చెరువులవారికి, తేనెటీగలు పెంచువారికి ముందునాడే కబురు పెట్టవలెను. పని ముగిసిన పిమ్మట తొట్టి కడిగిన నీటిని కాలువలో పారబోయుట కొందరికి అలవాటు. ఆ నీరు బందరు కాలువలో గాని, రైవస్ కాలువలో గాని కలిసినచో దిగువ గ్రామముల మంచినీటి చెరువులకు చేరును. కడిగిన నీటిని మందు కొట్టిన చేనిలోనే, చెరువుకు, బోదెకు దూరముగా చల్లివేయవలెను.