పోర్ట్‌లండు నగరభవనములోని మహావాద్యము

హార్మోనియము నెఱుగని వారు మనలో నుండరు. ఒక చేత తిత్తి నాడించుచు, రెండవ చేత మెట్లు నొక్కుదుము; గాలి సోకి లోపలి యిత్తడి రీడ్లు పలుకును. గొట్టముల ఆర్గనులో నా రీడ్లకు మాఱుగా చాలవఱకు పిల్లనగ్రోవులవంటి గొట్టములే పలుకును. అట్టి గొట్టములు ఏడువేలకు పైగా గల వాద్య మొకటి అమెరికాలో, మెయిన్ రాష్ట్రమునందలి పోర్ట్‌లండు నగరభవనములో నున్నది. దానిని చేయించిన దాతకు భాగ్యము స్త్రీల మాసపత్రికవలన గూడ కలిగినదని తెలిసినప్పటినుండి నాకు దానియం దొక యభిమానము.

హెర్మన్ కోచ్మారు అను జర్మను సంగీతజ్ఞుడు 1849లో పోర్ట్‌లండు చేరగా, ఆ యూరి గృహస్థు డొకడు ఆయనను తన యింట నుంచుకొని యాదరించెను. మఱుసటి యేట పుట్టిన కుమారునకు అతిథి పేరును గూడ చేర్చి సైరస్ హెర్మన్ కోచ్మారు కర్టిస్ అని పేరిడెను. 1866లో పట్టణము తగులబడినప్పుడు వీరి యిల్లును బూడిదయ్యెను. పిల్లవాని చదువు ముగిసెను.

పెద్దవాడై సైరస్ ఒక వ్యవసాయపత్రిక నడపుచు, అందు స్త్రీల శీర్షికను తానే కూర్చుచుండెను. భార్య లూయిసా నాప్ అది చదివి నవ్వెనట! నవ్వి యూరకుండక ఆ పని తానే చేపట్టెను. 1883లో నా శీర్షికయే ‘లేడీస్ హోమ్ జర్నల్’ అను ప్రత్యేక మాసపత్రిక యయ్యెను. లూయిసాయే మొదటి సంపాదకురాలు. 1889 వఱకు నడపెను. 1903 నాటికి చందాదారులు పదిలక్షలైరి.

1908లో పోర్ట్‌లండు నగరభవనము కాలిపోయెను. ఆ యేడే కోచ్మారు మరణించెను. క్రొత్త భవనము లేచుచుండగా కర్టిస్ తన కా పేరు నిచ్చిన పెద్ద జ్ఞాపకార్థము ఆస్టిన్ కంపెనీచే ఈ ఆర్గనును చేయించి నగరమునకు దానమిచ్చెను. 1912 ఆగస్టు 22న అది మొదట మ్రోగెను. లూయిసా వినలేదు; 1910లోనే గతించెను. వాద్యమునకు కోచ్మారు పేరు, దాతగా కర్టిస్ పేరు నిలిచినవి. ఆమె పేరును మన మీ పుటలోనైన దలచుకొనుట న్యాయము.

దీని గాలిపెట్టె పెట్టె కాదు, గదియే. ఒకదాని వెనుక నొకటిగా నున్న తలుపులు దాటి మనుష్యులు లోనికి పోయి, పైన వాద్యము మ్రోగుచుండగనే నిలువవచ్చును. గాలి నింపుట విద్యుద్యంత్రము పని. వాయించువాడు చేతులతోనే గాక పాదములతోను మెట్లు నొక్కవలయును. అతి మంద్రస్వరము సెకండునకు 16 మారులే కంపించును. అది చెవికంటె ముందు కూర్చున్న యాసనమునకు తెలియును!

1981లో నగరము ఖర్చు భరింపజాలక చేయి తీయగా, పౌరులే మిత్రసంఘముగా నేర్పడి పోషణభారము వహించిరి. నూరేండ్లు నిండిన 2012లో వాద్యమును విప్పి మరమ్మతునకు కనెక్టికట్ రాష్ట్రమునకు పంపిరి. రెండేండ్లు నగరభవనమున దాని ధ్వని లేదు. 2014 సెప్టెంబరులో మరల మ్రోగెను.